గాలి పూసిన పెయింటరు

గిద్దలూరులో షాపు బోర్డులు రాసేవాళ్లే తప్ప చిత్రకారులు లేరని మొన్న ఒకరన్నారు. అది తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మా బోర్డుల పెయింటరు ఒక టిఫిన్ హోటలు గోడ మీద నల్లమల వేశాడు. వెనక కొండ వేసి, దాని మీద పలచగా తెల్లరంగు పూసి, అది ఆరాకే దాని ముందు కొండ మొదలుపెట్టేవాడు. అన్నిటికన్నా ముందున్న కొండ ఒక్కటే పచ్చగా ఉంది. ఎందుకని అడిగితే, "నడుమ గాలుండాల గదన్నా, గాలి పూస్తాండా" అనేవాడు. దూరం పెరిగేకొద్దీ రంగు నీలంగా పలచబడుతుందని లైబ్రరీ పుస్తకంలో చదివిన నాకు ఒళ్లు పులకరించింది.

హోటలాయన మాత్రం మండిపడ్డాడు. "కొండంటే పచ్చగుండాల. ఏంది భాయ్ ఈ ఎలిసిపోయిన నీలం? పచ్చరంగు కొట్టు, లేదంటే సున్నం కొట్టిస్తా." నేను పుస్తకం సంగతి ఎత్తితే, "నీ చదువు లైబ్రరీలో పెట్టుకో" అన్నాడు. పెయింటరు కుంచె కడుక్కున్నాడు.

అప్పుడే టీకి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన గోడ ముందు ఆగాడు. "ఈ పచ్చకొండకు పొద్దున పోతే మాపటికొస్తా. నడిమిదానికైతే ఒక రాత్రి పండుకోవాల. ఆ నీలం కొండ దాకా నేను పోలా, మా నాయన పోయినాడు" అన్నాడు.

హోటలాయన కాసేపు గోడను చూసి, "ఒరే, ఆ కూల్‌డ్రింకుల ఫ్రిజ్జు పక్కకు జరపండి, కొండలకు అడ్డమొస్తాంది!" అని కేకేశాడు.

పుస్తకం వెతికిచ్చిన లైబ్రేరియన్ రమణమ్మగారికి, గోడను నిలబెట్టిన హోటలు సుబ్బారెడ్డికి, అంత దూరాన్నీ చూడగానే గుర్తుపట్టిన కాపరి వెంకటయ్యకు నా కృతజ్ఞతలు.