మూడు నుంచి నాలుగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికి కూడా టైమ్‌టేబుల్ ఉండేది. డెట్రాయిట్ పక్కన, మంచు మోకాళ్ళ దాకా పేరుకునే ఊళ్ళో, తెలుగు క్రైస్తవ కుటుంబాలు అన్నీ కలిపి పది ఉంటాయేమో. చర్చి కట్టుకునే స్తోమత లేదు. ఆదివారం మధ్యాహ్నం మా బేస్‌మెంట్‌లో ఆరాధన, ఆ తరవాత పప్పుచారు. ఎవరికైనా పెద్ద కష్టం వస్తే గొలుసు ప్రార్థన పెట్టేవాళ్ళు. అంటే రోజూ పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా, గంటకొకరు చొప్పున, ఎవరింట్లో వాళ్ళు మోకరించాలి. ఒకరు లేచేసరికి ఇంకొకరు మొదలుపెట్టాలి. మధ్యలో తెగకూడదు. ఆ పేర్ల కాగితం మా ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది. గంట పూర్తయినవాళ్ళు ఫోన్ చేసి చెబితే మా నాన్న పెన్సిల్‌తో టిక్కు పెట్టేవాడు.

ఆ ఫిబ్రవరిలో కష్టం మాదే. అమ్మ ఆసుపత్రిలో ఉంది. నాకు పదకొండేళ్ళు, ఇండియా నుంచి వచ్చి ఏడాది. పిల్లల ప్రార్థన తొందరగా పైకి చేరుతుందని ఎవరో అన్నందుకు నాకూ ఒక గంట ఇచ్చారు. మూడు నుంచి నాలుగు. నా తరవాతి గంట మా తాతయ్యది, అంటే అమ్మ వాళ్ళ నాన్నది. కూతురికి బాగోలేదని తెలిసి జీవితంలో మొదటిసారి విమానం ఎక్కి వచ్చాడు. పాస్టర్లు కాబోయేవాళ్ళకి నలభై ఏళ్ళు పాత గ్రీకు నేర్పి రిటైరైన మాస్టారు. రెండు వేల ఏళ్ళ కిందటి ఊళ్ళలో బేరం ఆడగలడు గానీ మా వీధి చివర పాలసీసా కొనడం ఆయన వల్ల కాలేదు.

గొలుసు మొదలైన మూడో రోజు మంచు కురిసి స్కూలు మూసేశారు. పొద్దుటి నుంచీ ఇంటి ముందు మంచు ఎత్తిపోసి, సరిగ్గా మూడింటికి వచ్చి మోకరించాను. మోకాళ్ళు గడ్డకట్టి ఉన్నాయని, నేలలోంచి వేడిగాలి వచ్చే ఇనుప జల్లెడ పక్కన చోటు చూసుకున్నాను. అదే నా తెలివి. కళ్ళు మూసుకుని "ప్రభువా, మా అమ్మని" అన్నాను. ఆ వాక్యం పూర్తి కాలేదు.

మెలకువ వచ్చేసరికి నా మీద శాలువా ఉంది. గడియారం నాలుగూ ఇరవై చూపిస్తోంది. తాతయ్య గోడ వైపు తిరిగి సోఫా దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. నేను పిల్లిలా వంటగదిలోకి వెళ్ళి నా పేరు పక్కన నేనే టిక్కు పెట్టుకున్నాను. అబద్ధపు టిక్కు అచ్చం నిజం టిక్కులాగే ఉంటుంది.

రెండు రోజులకి అమ్మ పోయింది.

సమాధి చేసి వచ్చిన రోజు ఇల్లంతా జనం. నేను ఫ్రిజ్ దగ్గరికి నీళ్ళ కోసం వెళ్ళాను. పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒక ఆంటీ పక్కావిడతో, "ఎక్కడో తెగింది వదినా. గొలుసు తెగకపోతే దేవుడిలా చెయ్యడు" అంటోంది. నా ముక్కుకి ఎదురుగా ఆ కాగితం. దేనికైనా ఎదురు జవాబు చెప్పి తన్నులు తినే పిల్లాణ్ణి నేను. ఆ రోజు మాత్రం నీళ్ళు కూడా తాగకుండా వెనక్కి తిరిగాను. గరాజ్‌లోకి పోయి అమ్మ కార్‌లో కూర్చున్నాను. సీట్ బెల్ట్ కూడా పెట్టుకున్నాను. ఎక్కడికో తెలియదు.

కాసేపటికి తాతయ్య వచ్చాడు. పంచె మీద నాన్న ఓవర్‌కోటు, చేతిలో ఫ్రిజ్ మీది కాగితం. చుట్టూ తిరిగి వెళ్ళి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఆయన అడగక ముందే నేను చెప్పేశాను.

"తాతయ్యా, నేను నిద్రపోయాను. నా వల్లే."

"తెలుసురా. శాలువా ఎవరు కప్పారనుకున్నావు, దేవదూతా?"

నవ్వలేదు ఆయన. కారద్దం మీద మా ఊపిరి తెల్లగా పట్టుకుంటుంటే మెల్లగా చెప్పాడు. పట్టుబడే ముందు యేసు తన స్నేహితులు ముగ్గుర్ని ఒక్క గంట మేలుకుని ఉండమని అడిగాడట. ముగ్గురూ నిద్రపోయారు. మర్నాడు ఆయన్ని సిలువ వేశారు. ఆ స్నేహితులు యూదులు, రాజు కోసం ఎదురుచూసినవాళ్ళు. దావీదు వంశంలో పుట్టి, రోమా సైన్యాన్ని తరిమికొట్టి, సింహాసనం ఎక్కవలసిన రాజు. మాను మీద వేలాడినవాడు శాపం పాలైనవాడని వాళ్ళ ధర్మశాస్త్రమే చెబుతుంది. అంటే ఆ శుక్రవారం వాళ్ళకి గురువొక్కడే పోలేదు, దేవుడి మీద పెట్టుకున్న ఆశ మొత్తం పోయింది. తరవాత ఆయన లేచాడనీ, ఆయనే ప్రభువనీ చెప్పుకుంటూ గ్రీకు ఊళ్ళకి వెళితే అక్కడ ఇంకో తంటా. అక్కడి పండితుల దృష్టిలో దేవుడంటే నొప్పి తెలియనివాడు, చావు అంటనివాడు. దాహమని అడిగి చచ్చిపోయినవాడు దేవుడేమిటని పడిపడి నవ్వారు. సొంతవాళ్ళకి సిగ్గు, బయటివాళ్ళకి నవ్వు.

కథ కాస్త మార్చి చెప్పుకుంటే ఏ గొడవా ఉండేది కాదన్నాడు తాతయ్య. సిలువ సంగతి దాచెయ్యొచ్చు, తమ నిద్ర సంగతి అసలే ఎత్తక్కర్లేదు. వాళ్ళు రెండూ దాచలేదు.

"నిద్రపోయినవాళ్ళే చెప్పుకున్నార్రా ఆ మాట. టిక్కు పెట్టుకోలేదు."

నేను అడిగాను. "వాళ్ళు మేలుకుని ఉంటే ఆయన్ని చంపేవాళ్ళు కాదా?"

"చంపేవాళ్ళే." ఆయన స్టీరింగ్ పట్టుకుని గరాజ్ గోడ వైపు చూస్తున్నాడు. "నువ్వు మేలుకున్నా మీ అమ్మ పోయేదే. ఎందుకని నన్నడక్కు. నలభై ఏళ్ళు పాఠం చెప్పాను, నాకే తెలియదు."

అప్పుడు జేబులోంచి పెన్సిల్ తీశాడు. వెనక రబ్బరుతో నా టిక్కు చెరిపాడు. తరవాత తన టిక్కు కూడా చెరిపాడు. ఆ గంటంతా మోకాళ్ళ మీద ఉన్న మాట నిజమే గానీ ఒక్క ముక్క ప్రార్థన చెయ్యలేదనీ, దేవుడి మీద కోపంతో పళ్ళు బిగించి గోడకేసి చూస్తూ ఉండిపోయాననీ చెప్పాడు. గొలుసు తెగడమే నిజమైతే తెంపినవాళ్ళం ఇద్దరం, నువ్వొక్కడివే మోయకు అన్నాడు. ఆయన ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

కాగితం తీసుకెళ్ళి మళ్ళీ ఫ్రిజ్‌కి అంటించాడు, అందరి ముందూ. గరిటె పట్టుకున్న ఆంటీ దాన్ని చూసింది. గరిటె కింద పెట్టింది. జనం వెళ్ళిపోయాక నేను వెళ్ళి చూస్తే చెరిపిన టిక్కులు మూడు. మూడోది ఎవరిదో నాకు తెలుసు, చెప్పను.

ఆ పాఠంతో నేనేమీ గొప్పవాణ్ణి కాలేదు. పదో గ్రేడ్‌లోనే బడి మానేసి, పక్క ఊరు నోవైలో కార్ల బ్రేకులు మార్చుకుంటూ బతికాను. నవ్వించడం నాకు వచ్చిన రెండో పని. ఇప్పుడు నా భార్య ఆరు నెలలుగా మంచంలో ఉంది, డాక్టర్లు ఇంక చేసేదేమీ లేదన్నారు. ఆమెని కూడా నవ్వించలేకపోతున్నాను. మొదటి విశ్వాసులు తాము బతికుండగానే ప్రభువు తిరిగొస్తాడని నమ్మారట. తమవాళ్ళు ఒక్కొక్కరే పోతుంటే ఇదేమిటని కలవరపడ్డారట. ఇదీ తాతయ్య చెప్పిందే. అప్పుడు నాకు ఎక్కలేదు. ఇప్పుడు ఆ కలవరం పడ్డవాళ్ళు మా వీధిలోవాళ్ళే అనిపిస్తారు.

మా చర్చివాళ్ళు వాట్సాప్‌లో గొలుసు ప్రార్థన పెట్టారు. పెన్సిల్ పోయి పచ్చ టిక్కులు వచ్చాయి. నేను మూడు నుంచి నాలుగు అడిగి తీసుకున్నాను. నిన్న ఆ గంటలో నాకు ఒక్క మాటా రాలేదు. తాతయ్య శాలువా ఆమె కాళ్ళ మీద కప్పి, చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నాలుగింటికి గ్రూప్‌లో ఉన్నదున్నట్టు రాశాను. లిస్ట్ చూసుకునే అమ్మాయి వెంటనే ఫోన్ చేసింది.

"పర్లేదు అంకుల్, కూర్చున్నారు కదా, టిక్ పెట్టెయ్యనా?"

"వద్దమ్మా," అన్నాను. "అది ఖాళీగానే ఉండనీ."