గొంతు మీది ఒట్టు

ఈసారి గొంతు పట్టుకుని కాదు, కంచంలో అన్నం ముట్టుకుని ఒట్టేస్తున్నాను: ఇందులో ప్రతి మాటా నిజం. గొంతు ఎందుకు వద్దో చదివితే మీకే తెలుస్తుంది.

మెడ ఎడమకు తిప్పితే నాకు దగ్గొచ్చేది. ముద్దేదో గొంతులో అడ్డం పడ్డట్టుండేది. గుండె ఉన్నట్టుండి నెమ్మదించేది, కడుపులో తిప్పేది. చెబితే ఎవరూ నమ్మలేదు. గండిపేట చెరువులో చేప ఒకటి నా స్కూటర్‌ను నీళ్లలోకి లాక్కుపోయిందని చెప్పినవాణ్ని మరి.

అందరికంటే ఎక్కువ నవ్వింది మా అక్క మొగుడు. మొయినాబాద్‌లో చాయ్ హోటల్ ముందు పదిమందిలో అన్నాడు: "మా బామ్మర్దికి బీమారీ లేదు, గీమారీ లేదు. పొలం పని ఎగ్గొట్టెతందుకు కొత్త కత అల్లిండు."

"నిజం బావా!" అంటూ గొంతు పట్టుకుని ఒట్టేశాను. రోషం కదా, దవడ కింద గట్టిగానే నొక్కాను. కళ్లు చీకట్లు కమ్మాయి. బెంచీ మీంచి జారిపడ్డాను.

తెలివొచ్చేసరికి చప్పట్లు. "సూసిండ్రా యాక్టింగు! చెమటలు గూడ తెప్పిచ్చుకున్నడు!" అంటున్నాడు బావ. అప్పుడే అనుకున్నాను, ఈ మనిషిని వదలకూడదని.

చేవెళ్ల దవాఖానలో డాక్టరమ్మ స్కాన్ రాసింది. చెవి కింది సన్నటి ఎముక నాకు బాగా పొడుగు పెరిగిందట. మెదడు నుంచి మెడ మీదుగా గుండెకూ కడుపుకూ దిగే వేగస్ నరం దాని పక్కనుంచే పోతుందట.

"ఆ ఎముకే రాసుకుంటుండొచ్చు. మెడ పూసలు కదిలినా, కడుపు పైకి ఛాతిలకు జరిగినా గిట్లనే ఉండొచ్చు. ఖాయంగ చెప్పాల్నంటే ఇంకా పరీక్షలు గావాలె," అంది. తర్వాత నా చెవి చూస్తూ, "గీ నరం కొమ్మ చెవిలకు గూడ వస్తది. అందుకే చెవిల పుల్ల పెడితే కొందరు దగ్గుతరు. అది రోగం గాదు," అంది.

ప్రాణం లేచొచ్చింది. మా బావ బండి తాళంతో చెవి గోక్కునే మనిషి. గోక్కున్నప్పుడల్లా దగ్గుతాడు.

మర్నాడు అదే హోటల్లో తాళం చెవిలో పెట్టాడు, ఖళ్లుఖళ్లున దగ్గాడు.

"అయ్యో బావా, నీకు గూడ షురువైందా?" అన్నాను దిగులుగా.

"ఏందిరా?"

"అదే నరం. నాకు గూడ ముందుగాల దగ్గే."

"ఊకో, కతలు జెప్పకు," అన్నాడు గానీ, మళ్లీ తాళం పెట్టి చూసుకున్నాడు. మళ్లీ దగ్గు. మొహం పాలిపోయింది.

"అన్నా, గొంతుల ముద్ద లెక్క ఉన్నదా?" అన్నాడు చాయ్ పోసే మనిషి.

"జర... ఉన్నట్టే ఉన్నదిరా."

ఆనాటి నుంచి బావ మెడ తిప్పడు. వెనక నుంచి పిలిస్తే ఎడ్లబండిలా మనిషంతా తిరుగుతాడు. మొన్న మా ఇంటికొచ్చి, నా చేతులు పట్టుకుని, "నిన్ను నమ్మకపోతి, తప్పైంది బామ్మర్దీ," అన్నాడు. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. చెవి దగ్గు రోగం కాదని చెప్పేశాను.

ఈ రాకడ, ఆ మాట, నా కన్నీళ్లు, ఇవి మాత్రం కల్పించాను. బావ రాలేదు, తప్పైందనలేదు. కాబట్టి నేనూ ఏమీ చెప్పలేదు. అనేదాకా అలాగే తిరగనీ.