బండ మీద ఉప్పు వలయం

సిర్గాపూర్‌లో ప్రవచనానికి బయలుదేరుతుంటే ఫోన్ బూత్ అతను వచ్చి పిలిచాడు. పట్నం నుంచి అక్క. "మీ బావ పోయిండురా" అంది. చావుకు భయపడొద్దని ఊరూరా గొంతు చించుకున్నవాణ్ణి. మీలో చాలామంది నా కేకలు విన్నవాళ్లే. ఆ రోజు చంకలోని పురాణమే మోయలేననిపించింది. ప్రవచనానికి పోలేదు.

బావ సొంతూరు కంగ్టి. పట్నంలో ఒక ప్రయోగశాలలో ఉద్యోగం. సముద్రపు బురదలోని సూక్ష్మజీవులను పెంచి, వాటిలో మందు వెతకడం ఆయన పని. ఒకసారి నాకు గాజు పళ్లెం చూపించాడు. పుండ్లకు చీము పట్టించే క్రిములు దాన్నిండా మసకగా పరచుకున్నాయి. నడుమ బావ పెంచిన సూక్ష్మజీవుల చుక్క. దాని చుట్టూ మాత్రం తేటగా ఒక వలయం. అక్కడ క్రిమి అన్నది లేదు.

"అమృతం దొరికినట్టేనా బావా?"

"ఆగు బామ్మర్దీ. ముందుగాల అది ఇసం గాదని తేలాలె."

ఆ యేడు సముద్రం నుంచి నేరుగా నారాయణఖేడ్‌లోని మా ఇంటికి వచ్చాడు, రెండు క్యాన్ల నీళ్లతో. ఒకటి ప్రయోగశాలకు. ఒకటి, సముద్రం ఎరగని మా అమ్మ స్నానానికి. ఆ రోజు అమావాస్య. బావ నిద్ర లేచేసరికి వాడకట్టు ఆడవాళ్లు చెంబులతో వచ్చి రెండూ ఒడగొట్టి ఖాళీ చేశారు.

"అత్తమ్మా, గవి నా పనికి తెచ్చుకున్న నీళ్లు!"

"మా పాపాలు గుడ కడుక్కోనియ్యి అల్లుడా. నీ పురుగులకు నల్లా నీళ్లల్ల ఇంత ఉప్పెయ్యి."

బావ నవ్వాడు. గత్యంతరం లేక అలాగే చేశాడు కూడా. అవి పెరిగాయి గాని వలయం రాలేదు. "బతుకుతున్నయి బామ్మర్దీ, మందిస్తలేవు" అన్నాడు. మళ్లీ సముద్రపు నీళ్లు తెచ్చి పోశాడు. అయినా రాలేదు. నీళ్లు మారినందుకో, పెంచగా పెంచగా వాటి గుణమే మారిందో ఆయనకూ తెలియలేదు. అమ్మను పల్లెత్తు మాట అనలేదు.

ఇక ఏళ్ల తరబడి అదే పని. కొత్త బురద, కొత్త పళ్లేలు. వచ్చినప్పుడల్లా అమ్మ గుమ్మంలోనే అడిగేది, "వచ్చిందా?" అని. "ఇంకా రాలే అత్తమ్మా" అని చెప్పులు విడిచేవాడు.

నా ప్రవచనాల్లో చివరన కూర్చునేవాడు. పాలసముద్రాన్ని చిలికిన కథ నేను ఊగిపోతూ, కేకలేస్తూ చెప్పి దిగితే, "ఇసం కాడ ఒర్రుతవు, అమృతం కాడ ఒర్రుతవు. నడుమ తాడు గుంజినోళ్ల చేతులు ఎట్లయినయో చెప్పవేంది?" అనేవాడు. ఇప్పుడు ఆ కథ తీస్తే ఆ తాడు దగ్గరే ఆగిపోతున్నాను.

దినాలు ముగించుకొని పట్నం నుంచి వచ్చాం. అమ్మ ఒక్కటే అడిగింది, "ఇగ అల్లుని పురుగులను ఎవరు జూస్తరు?"

ఆనాడు సముద్రపు నీళ్ల క్యాన్ కారి, ఉప్పు షాబాదు బండను తినగా పడ్డ తెల్లటి గుండ్రటి మరక వంటింట్లో ఇంకా ఉంది. మర్నాడు అమ్మ నేల తుడుస్తూ దాని దాకా వచ్చింది. తడిగుడ్డను దాని చుట్టూ మెల్లగా తిప్పి, మరకను అట్లాగే వదిలి, పక్క బండకు జరిగింది.