ముప్ఫై విమానాల మేస్త్రి

తనను తాను ఎగతాళి చేసుకోవడంలో మేస్త్రి తర్వాతే ఎవరైనా. పళ్ళ డాక్టరుగారి క్లినిక్‌లో, వెనక గదిలో కూర్చుని ముప్ఫై ఏళ్ళుగా కట్టుడుపళ్ళు తయారు చేస్తున్నాడాయన. ప్లాస్టర్ అచ్చులు, మైనం, గులాబి రంగు చిగుళ్ళ పొడి, చిన్న స్పిరిట్ దీపం, ఇదే ఆయన ప్రపంచం. ఊళ్ళో పెద్దవాళ్ళలో సగం మంది నమిలేదీ నవ్వేదీ ఆయన చేసిన పళ్ళతోనే. దండం మాత్రం ముందు గదిలో డాక్టరుగారికి పెట్టి వెళ్ళిపోతారు. "నా పళ్ళెరగని నోరు లేదు, నన్నెరిగిన నోరూ లేదు" అని ఆయనే అంటుంటాడు. నవ్వుతూనే అంటాడు గానీ, ఎక్కడో కాస్త గుచ్చుకున్నట్టే ఉంటుంది.

అలాంటి మనిషికి విమానాల పిచ్చి ఎలా పట్టిందంటే, దానికి మూలపురుషుడు ఆయన బావమరిది. మందుల కంపెనీలో ఉద్యోగం, వారానికి మూడు ఊళ్ళు. ఒకసారి దగ్గర బంధువుల పెళ్ళికని అక్క, బావ, తమ్ముడు ముగ్గురూ కలిసి విమానం ఎక్కాల్సి వచ్చింది. ఎయిర్‌పోర్టులో బావమరిది జేబులోంచి విమాన కంపెనీ వాళ్ళిచ్చిన గోల్డు కార్డు తీశాడు. ఆ కార్డుంటే అందరికంటే ముందు విమానం ఎక్కొచ్చు, లాంజ్‌లో సోఫాల మీద కూర్చోవచ్చు, కావలసింది తినొచ్చు, వెంట ఒక్క మనిషిని తీసుకెళ్ళొచ్చు. ఒక్కరినే.

"బావగారూ, ఏమీ అనుకోకండి. మీరు కాస్త సామాన్లు చూస్తూ ఉంటే అక్కను అలా తిప్పి తీసుకొస్తా" అన్నాడు.

మేస్త్రి గంటసేపు ఇనుప కుర్చీలో నాలుగు పెట్టెలకు కాపలా కాశాడు. భార్య తిరిగి వస్తూ కాగితపు రుమాలులో చుట్టి ఆయన కోసం రెండు బిస్కెట్లు తెచ్చింది. తిన్నాడు. బిస్కెట్లు బాగున్నాయి, అదే ఆయనకు మరీ బాధ కలిగించింది. తర్వాత గేటు దగ్గర యూనిఫారం అమ్మాయి బావమరిదిని పేరు పెట్టి పలకరించింది, "మళ్ళీ వచ్చారా సార్, బాగున్నారా" అని. మేస్త్రి టికెట్టును మాత్రం మిషను మీద పెట్టి, తలెత్తకుండానే "నెక్స్ట్" అంది.

ఆ "నెక్స్ట్" ఆయన చెవిలో నెలరోజులు మోగింది. కనుక్కుంటే తెలిసింది, ఒక ఏడాదిలో ముప్ఫై విమానాలు ఎక్కితే ఎవరికైనా గోల్డు ఇస్తారట. దగ్గరా దూరమా అని చూడరట, ఎక్కి దిగితే చాలట. పులిని చూసి నక్క వాతలు పెట్టుకుందన్న సామెత మేస్త్రికి తెలియక కాదు. ఆ రోజు గుర్తుకు రాలేదంతే.

డాక్టరుగారు మంచి చెప్పాడు. "ఏడాదికోసారి సరదాగా ఊరెళ్ళే మనిషివి, నీకెందుకయ్యా అది? ముందు ఎక్కినవాడూ వెనక ఎక్కినవాడూ ఒకేసారి కదా దిగేది? పైగా వచ్చే ఏడాది మళ్ళీ ముప్ఫై ఎక్కకపోతే ఊడబెరుక్కుంటారు."

"మీరు పీకే పళ్ళలాగా" అన్నాడు మేస్త్రి. డాక్టరుగారికి నవ్వు రాలేదు.

బావమరిదైతే ఫోనులో బతిమాలినంత పని చేశాడు. "బావా, నాకు తప్పక తిరుగుతున్నాను. ఇంట్లో పడుకోనిచ్చే కార్డు ఎవరైనా ఇస్తే ఈ గోల్డు వాళ్ళ మొహాన కొడతా. మీకెందుకీ గోల?"

అందిన వాడికి అలాగే ఉంటుందిలే అనుకున్నాడు మేస్త్రి. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు.

ఇక ఆయన భార్య. నర్సరీ బళ్ళో టీచరు. ముప్ఫై ఏళ్ళు పిల్లల ఎత్తుకు వంగి, మోకాళ్ళ మీద కూర్చుని, మూతులు తుడిచి, బూట్లు తొడిగి, చివరికి ఆ మోకాళ్ళను బడికే ఇచ్చేసింది. ఆమె తరగతి గోడ మీద అక్షరాల పటంలో 'జ' దగ్గర జలపాతం బొమ్మ ఉంటుంది. "టీచర్, మీరు చూశారా?" అని ఏటా ఎవడో ఒకడు అడుగుతాడు. ఏటా "చూస్తాలే నాన్నా" అంటుంది. ఆ ఏడాది ఎముకల డాక్టరు తేల్చి చెప్పాడు, "ఇంకో ఏడాది మాత్రం మెట్లూ అవీ ఎక్కగలరమ్మా. జాగ్రత్తగా వాడుకోండి. ఆ తర్వాత ఆపరేషనే, దాని తర్వాత ఎలా ఉంటుందో నేను మాట ఇవ్వలేను."

ఇంటికొచ్చి ఆమె భర్తను ఒకే ఒక్కటి అడిగింది. "ఈ సెలవుల్లో నాకు జలపాతం చూపించండి. నాలుగొందల మెట్లట. ఇప్పుడైతే ఎక్కగలను."

"తప్పకుండా" అన్నాడు మేస్త్రి. ఆ క్షణంలో ఆయన మనసులో జలపాతం లేదు. వెళ్ళేటప్పుడు ఎన్ని విమానాలు, వచ్చేటప్పుడు ఎన్ని అని వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నాడు.

సెలవులొచ్చేదాకా ఆదివారం వస్తే చాలు, పొద్దున్నే సంచీ భుజాన వేసుకుని ఏదో ఒక ఊరికి ఎగిరేవాడు. ఊళ్ళోకి వెళ్ళేవాడు కాదు. దిగిన ఎయిర్‌పోర్టులోనే ఒక కాఫీ తాగి, అదే విమానం వెనక్కి తిరిగితే అందులోనే ఎక్కేవాడు. ఒకసారి తలుపు దగ్గర అమ్మాయి గుర్తుపట్టి, "ఏమన్నా మరిచిపోయారా సార్?" అంది. బుద్ధిని మరిచిపోయానమ్మా అనాల్సింది. ఆయన మాత్రం పొంగిపోయాడు, తనను గుర్తుపట్టిందని. అలా చూసిన ఊళ్ళు పన్నెండు. వాటిలో ఆయనకు తెలిసినవల్లా కాఫీ కొట్టూ మగవాళ్ళ బాత్‌రూమూ. ఇంట్లో భార్య ఆదివారాలు ఒక్కతే భోంచేసింది.

పనిలోనూ చెయ్యి తప్పింది. విమానం అందుకోవాలన్న తొందరలో ఒక రిటైర్డు హెడ్‌మాస్టరుగారి సెట్టులో దవడపళ్ళు పిసరంత ఎత్తుగా కట్టేశాడు. పెట్టుకున్నాక పెద్దాయన నోరు మూతపడలేదు. అవతలివాళ్ళ నోళ్ళు జీవితాంతం మూయించిన మనిషి, నోరు తెరుచుకునే వచ్చి మేస్త్రి ఎదురుగా నిలబడ్డాడు. పళ్ళు చేసిన మనిషిని ఒక పేషెంటు వెతుక్కుంటూ వెనక గదికి రావడం ముప్ఫై ఏళ్ళలో అదే మొదటిసారి.

సెలవులొచ్చాయి. అప్పటికి ఇరవై నాలుగయ్యాయి. జలపాతం ఉన్న ఊరికి గంటన్నరలో చేర్చే విమానం రోజూ ఉంది. మేస్త్రి మూడు విమానాలు మారేలా టికెట్లు తీశాడు, రావడానికీ అలాగే మూడు. ముక్కేదిరా అంటే తల చుట్టూ తిప్పి చూపించినట్టు.

"నేరుగా వెళ్ళేది లేదాండీ?" అని అడిగింది భార్య.

"ఉందిగానీ... ఇలా అయితే నాలుగు ఊళ్ళు చూసినట్టుంటుంది."

ఆయన కబుర్లకు ఆమె ఎప్పుడో అలవాటుపడింది.

మొదటి విమానం బాగానే దిగింది. రెండోది ఆలస్యమైంది. మూడోది వేరే టెర్మినల్‌లో ఉందన్నారు. వరండా మీద వరండా, నడిచేకొద్దీ ఇంకా ఉంది. కదిలే మెట్లు కదలడం మానేసి ఊరికే మెట్లయి ఉన్నాయి. మేస్త్రి రెండు పెట్టెలూ లాక్కుంటూ ముందు పరుగు, వెనక్కి తిరిగి "కాస్త తొందరగా, కాస్త తొందరగా" అని ఒకటే కేకలు. ఆమె ఒక చేత్తో గోడ పట్టుకుని, రెండో చేత్తో చీర కుచ్చిళ్ళు పైకెత్తుకుని, పళ్ళ బిగువున నడిచింది. తలుపు మూసేలోపు ఎక్కేశారు. సీట్లో కూలబడి మేస్త్రి "ఇరవై ఏడు!" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుని మోకాలి మీద అరచెయ్యి పెట్టుకుంది.

మర్నాడు పొద్దున ఆ మోకాలు గుమ్మడికాయంత వాచింది. అయినా వెళ్దామనే పట్టుబట్టింది. నలభై మెట్లు ఎక్కింది. నలభై ఒకటో మెట్టు మీద కూర్చుంది. నీళ్ళ మోత అక్కడికి వినిపిస్తోంది, నీళ్ళు మాత్రం కొండ మలుపు అవతల.

"మీరు వెళ్ళి చూసి రండి" అంది.

"నువ్వు లేకుండానా?"

"ఇంత దూరం వచ్చి ఇద్దరం చూడకపోతే ఎలా? వెళ్ళండి."

మేస్త్రి మిగిలిన మెట్లన్నీ ఎక్కాడు. చూశాడు. అటువంటిది ఆయన జన్మలో చూడలేదు. రెండు నిమిషాలు కూడా నిలబడలేకపోయాడు. ఆ అందానికి తాను కాదు రావలసింది, కింద కూర్చున్న మనిషి. ఆమె మోకాళ్ళలో మిగిలిన ఏడాదిని తాను తీసుకెళ్ళి ఎయిర్‌పోర్టు వరండాల్లో పారబోశాడు. దిగి వచ్చాడు.

"ఎలా ఉంది?"

"ఏముంది, పైనుంచి నీళ్ళు పడుతున్నాయి."

"అంతేనా?" అని ఆమె ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. తుంపరలకు తడిసి ముద్దయి ఉంది. తడి అంటిన అరచేతిని చెంపకు ఆనించుకుని, "చల్లగా ఉంది" అంది.

తిరుగు ప్రయాణం రోజు కౌంటరు దగ్గర మేస్త్రి, "ఈ మూడూ రద్దు చేసి నేరుగా వెళ్ళేదాంట్లో రెండు సీట్లు ఇవ్వమ్మా, మా ఆవిడకు వీల్‌చైర్ కూడా కావాలి" అన్నాడు. అమ్మాయి కంప్యూటరు చూసి, "సార్, ఇంకా మూడు ఎక్కితే చాలు మీకు, గోల్డు వచ్చేస్తుంది. ఈ నెలాఖరుతో మీ ఏడాది గడువు కూడా అయిపోతుంది. మార్చమంటారా మరి?" అని అడిగింది. మేస్త్రి నోరు పెగల్లేదు. ఎంతసేపంటే, పక్క కుర్చీలో ఉన్న భార్య తలెత్తి ఆయన మొహంలోకి చూసేంతసేపు. ఇప్పటికీ తన మీద ఎన్ని జోకులైనా వేసుకుంటాడు గానీ, ఆ కాసేపటి గురించి మాత్రం ఎవరికీ చెప్పుకోలేడు.

"మార్చమ్మా" అన్నాడు చివరికి.

గేటు దగ్గర జనం. గోల్డు వాళ్ళంతా తమ వరసలో ముందుకొచ్చి ఠీవిగా నిలబడ్డారు. మైకులో పిలిచారు, "మొట్టమొదట వీల్‌చైర్ ప్రయాణికులు, వారి వెంట ఉన్నవారు రావాలి." గోల్డు వాళ్ళు పక్కకు జరిగి దారి ఇచ్చారు. యూనిఫారం అమ్మాయి వంగి భార్యను పలకరించి, మేస్త్రి వైపు తిరిగి ఎంతో మర్యాదగా "రండి సార్, మీరు కూడా" అంది. విమానం మొత్తానికి మొదట పిలిచింది ఆయననే.

భార్య కుర్చీలోంచి తల తిప్పి నవ్వింది. "చూశారా, గోల్డు వాళ్ళకంటే ముందే ఎక్కిస్తున్నాను మిమ్మల్ని."

దానికి దీటైన జవాబు మేస్త్రి దగ్గర ఉండాలి. ఎప్పుడూ ఉంటుంది. ఈసారి ఏడుపు తన్నుకొచ్చింది. అందరూ చూస్తుండగానే కుర్చీ ముందు వంగి, ఆమె వాచిన కాలును మెల్లగా ఎత్తి పాదాల పలక మీద సర్దాడు. "తప్పయిపోయింది" అన్నాడు.

"నడవండి ముందు" అంది ఆమె, చీర కొంగుతో ఆయన కళ్ళు తుడిచి. "వెనక వాళ్ళంతా నిలబడి ఉన్నారు."