నాగమణి రాయని ఒకటి

మా చిన్నప్పుడు... బడి వెనక అరుగు మీద గుప్పెడు వడ్లు పోసుకుని కారణాంకాలు నేర్చుకున్నాం, నేనూ నాగమణీ. పన్నెండు గింజలు తీసి వరసలు పేర్చడం. రెండేసి పెడితే సరిపోయాయి... మూడేసి పెట్టినా సరిపోయాయి... అయిదేసి పెడితే రెండు మిగిలాయి, కాబట్టి అయిదు పనికిరాదు. ఏమీ మిగలకుండా సర్దుకునేవే కారణాంకాలు. పాఠమంతా ఇంతే.

డెబ్బైల నాటి మాట ఇది. ఉయ్యూరు దగ్గర పల్లెటూరు మాది. మాది నేత ఇల్లు, పొద్దస్తమానం మగ్గం చప్పుడే. నాగమణి వాళ్ళ నాన్న వీరాస్వామి బాబాయి మాసూళ్ళ రోజుల్లో కళ్ళాల్లో ధాన్యం కొలిచేవాడు. ఊళ్ళో ఏ రైతు కుప్ప నూర్చినా కుంచం పట్టుకోవడానికి ఆయనే రావాలి.

నాగమణి చురుకైన పిల్ల. గుణిజాలైతే మాస్టారు చాలమ్మా అనేదాకా చెప్పుకుంటూ పోయేది... ఎక్కడా తడబడేది కాదు. కారణాంకాల దగ్గరే వచ్చింది చిక్కు. ఎప్పుడూ రెండు నుంచే మొదలుపెట్టేది. ఒకటి రాసేది కాదు.

"ఒకటి ఏదే?" అనడిగాను ఓసారి.

"గింజల ముందు ఒకటి అనకూడదే. మా నాన్న తిడతాడు" అంది.

నాకది వింతగా అనిపించలేదు. మా ఊళ్ళో ఎవరికీ అనిపించదు. కళ్ళంలో మొదటి కుంచం పోసేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. లాభం... రెండు... మూడు... అలా సాగుతుంది కొలత. అలా మొదలుపెడితే ఏడాదంతా ఇంటికి కలిసొస్తుందని నమ్మకం. నడక వచ్చినప్పటి నుంచీ నాగమణి వాళ్ళ నాన్న పక్కన కూర్చుని అదే విన్నది. మా ఇంట్లో ధాన్యం కొలిచే పని లేదు గనుక నేను బతికిపోయాను. తనకి మాత్రం ఒకటి అంటే అనకూడని మాట, పలక మీద రాయాలన్నా చెయ్యి వచ్చేది కాదు.

లెక్కల మాస్టారు బెజవాడ నుంచి కొత్తగా వచ్చినాయన. మంచివారే గానీ కోపం ముక్కు మీదే ఉండేది. కళ్ళం మొహం ఎరగరు. "ఒకటి ప్రతి సంఖ్యకీ కారణాంకమేనమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి నీకు?" అని విసుక్కునేవారు. నాగమణి తలొంచుకుని నిలబడేది. అంత పెద్దాయనకి కళ్ళం సంగతి ఎలా చెప్తుంది పాపం... మొండితనం అనుకున్నారాయన.

ఇంట్లో చూస్తే వాళ్ళమ్మకి ఆ ఏడు మళ్ళీ పురుడు. పసివాణ్ణి ఎత్తుకోవడానికి ఓ మనిషి కావాలి. అయినా వీరాస్వామి బాబాయి, "హాఫ్ ఇయర్లీలో అన్నీ పాసైతే చదివిస్తా. ఏది తప్పినా మానిపిస్తా" అన్నాడు. ఆ రోజుల్లో ఆడపిల్లకి అంతకన్నా మంచి మాట దొరకడం కష్టం. నాగమణి ఆ మాటనే పట్టుకుని చదివింది.

పరీక్షలో కారణాంకాలు అడిగిన చోటల్లా మళ్ళీ రెండు నుంచే రాసింది. మాస్టారు అన్నీ కొట్టేశారు. ఆ మార్కులే తక్కువై లెక్కలు తప్పింది. మార్కులు ఇచ్చిన మర్నాటి నుంచి బల్ల మీద నా పక్క చోటు ఖాళీ.

మాసూళ్ళు వచ్చాయి. ఓ రోజు బడి వదిలాక మాస్టారు సైకిలు మీద వెళ్తూ కళ్ళం దగ్గర ఆగారు. మేం పిల్లలం అక్కడే ఉన్నాం. వీరాస్వామి బాబాయి కుంచం నిండా వడ్లు ముంచి, పైన చేత్తో సవరించి, గోనెలో పోస్తూ "లాభం" అన్నాడు. తర్వాత "రెండు" అన్నాడు.

మాస్టారు అలాగే నిలబడిపోయారు. "ఏమ్మా, ఎప్పుడూ ఇలాగే కొలుస్తారా?" అని నన్నడిగారు. అవునండీ అన్నాను. ఆయన మొహం చూస్తే నాకే భయం వేసింది.

కొలత అయ్యాక బాబాయితో పాటు వాళ్ళింటికి వచ్చారు. నేనూ వెనకాలే వెళ్ళాను. నాగమణి చంకలో తమ్ముడితో గుమ్మంలో నిలబడి ఉంది. మంచం వాల్చినా మాస్టారు కూర్చోలేదు.

"కళ్ళంలో లాభం అనే అను తల్లీ, తప్పులేదు. పలక మీద ఒకటి రాస్తే మీ ఇంటికి ఏ కీడూ రాదు. ఇప్పుడు చెప్పు... పద్దెనిమిదికి కారణాంకాలు?"

నాగమణి వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన తలూపాడు.

"ఒకటి..." అని ఆగింది. "ఒకటి, రెండు, మూడు, ఆరు, తొమ్మిది, పద్దెనిమిది."

"చూశారా వీరాస్వామి గారూ! పిల్లకి లెక్కలు రాక కాదండీ తప్పింది. మీ పద్ధతి నాకే తెలియలేదు. రేపే బడికి పంపించండి" అన్నారు మాస్టారు.

బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కండువాతో తుడుచుకున్నాడు. అంత సంతోషం ఆయన మొహంలో నేనెప్పుడూ చూడలేదు.

"మా పిల్లకి లెక్కలొచ్చని మీ నోటితో అన్నారు... చాలండి మాస్టారూ. రావేమోనని బెంగపడ్డాను. వచ్చినాక ఇంకా బడెందుకండీ?"

నాగమణి తమ్ముణ్ణి ఈ చంక నుంచి ఆ చంకకి మార్చుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు మాస్టారు సైకిలు ఎక్కలేదు, నడిపించుకుంటూనే వచ్చారు.

ఇప్పుడు మా ఊళ్ళో కళ్ళాలు లేవు. మిషనే కోసి, నూర్చి పోస్తుంది... కాటా వేసి పట్టుకుపోతారు. ఆడపిల్లలు బస్సులెక్కి కాలేజీలకి వెళ్తున్నారు, చూస్తుంటే కడుపు నిండుతుంది. కానీ ఆ సాయంత్రం మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. పోనీ ఆయన్ని తిడదామా అంటే నోరు రాదు... కూతుర్ని చూసి మురిసిపోయిన మనిషి.

మీ బల్ల మీద, మీ పక్కన కూర్చుని, మధ్యలోనే ఆగిపోయిన అమ్మాయి ఎవరైనా ఉన్నారా... గుర్తుంటే ఆ పేరు కింద రాయండి. హాజరు పట్టీలో కొట్టేసిన పేర్లు ఇక్కడైనా ఉండనిద్దాం...