సైదమ్మ వెనక్కి తీసుకున్న మాట

సైదమ్మ గొంతు సంగతి పెన్‌పహాడ్ మండలంలో ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. చెలక ఆ కొసన గొర్రెలు మేస్తుంటే ఈ కొసన నిలబడి ఒక్క కేక వేసిందంటే మందంతా తల తిప్పాల్సిందే. ఆమె పుట్టిల్లు కోదాడ పక్కన అనంతగిరి. పెళ్లయి వచ్చిన కొత్తలో మాటలో కాస్త ఆంధ్ర యాస దొర్లేది. "కోదాడ కోడలు మాట్లాడుతుందా, పాట పాడుతుందా?" అని వాడకట్టు ఆడవాళ్లు ఆటపట్టించేవాళ్లు. అందరికంటే గట్టిగా నవ్వేది మాత్రం తనే. భర్త వీరేశం మిర్యాలగూడ రైస్ మిల్లులో హమాలీ, వారానికోసారి ఇంటికి వస్తాడు. ఇంటి దగ్గర గొర్రెలు, అత్త గోపమ్మ, ఒక్కగానొక్క కూతురు కల్పన, అంతా సైదమ్మ మీదే. ఇంత గొంతున్న మనిషి ఒకనాడు ఒక బడి వరండాలో నోరు పెగలక నిలబడిపోయిందంటే నమ్ముతారా? నిలబడిపోయింది. ఆ తర్వాత ఏం చేసిందన్నదే అసలు సంగతి.

కల్పనకు తల్లి గొంతే వచ్చింది. మాటల పుట్ట. సూర్యాపేటలో ఒక ప్రైవేటు బడిలో ఏడో తరగతి. బడి పేరు వద్దులెండి, ఇప్పుడు వాళ్లు బాగానే ఉన్నారు. సాయంత్రం వ్యాను మెట్టు మీద మొదలుపెట్టిన ముచ్చట అన్నం తినేదాకా ఆగేది కాదు. "నల్లకోటు ఏస్కొని వకీలునైత నానమ్మా, నీ భూమి కేసు నేనే కొట్లాడుత" అనేది. "నాకు భూమెక్కడిదే పిచ్చిదానా!" అని గోపమ్మ నవ్వేది. గొర్రెల వెంట పోవడానికి ఐదో తరగతిలోనే బడి మానేసిన సైదమ్మకు ఆ వకీలు మాట వింటే కడుపు నిండిపోయేది.

మన దిక్కు తల్లిదండ్రులకు ఒక అలవాటుంది. పిల్లను బడిలో వేసేటప్పుడు సారుకు దండం పెట్టి ఒక మాట అంటారు. సైదమ్మ తండ్రి అన్నాడు, ఆయన తండ్రీ అనే ఉంటాడు. కల్పనను చేర్పించిన రోజున సైదమ్మా అన్నది. లెక్కల సారు జనార్దన్ కల్పన చేరిన తరగతికి ఇన్‌ఛార్జి. వరండా నిండా తల్లులూ తండ్రులూ ఉన్నారు. అందరూ వినేటట్టు, "సారూ, కండ్లు రెండు ఇడిసిపెట్టి తోలు ఒలువుండ్రి. మేమేమనం. పిల్లకు సదువొస్తే సాలు" అన్నది. అందరూ నవ్వారు, సారూ నవ్వాడు. ఆ మాటకు నిజంగా తోలు తీయమని ఎవరు అర్థం చెప్పుకుంటారు? బిడ్డను నీ చేతిలో పెడుతున్నాం, నమ్మాం అని దాని అర్థం. అది తెలియని మనిషి చేతికి ఆ మాట ఇవ్వడమే సైదమ్మ చేసిన పొరపాటు.

దసరా సెలవుల తర్వాత కల్పన మాట తగ్గింది. అడిగితే "ఆఁ", "ఊఁ". పొద్దున వ్యాను హారన్ వినబడితే చాలు, కడుపు పట్టుకుని ముడుచుకునేది. ఊళ్లో ఆర్ఎంపీ గోలీలిచ్చాడు. సూర్యాపేట దవాఖానలో అన్ని పరీక్షలూ చేసి, "కడుపులో ఏం లేదమ్మా, జర పిల్లతోటి మాట్లాడు" అని పంపించారు. గోపమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది. అవి చిటపటమన్నాయి కానీ పిల్ల నోరు విప్పలేదు.

ఒకనాడు గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని సైదమ్మ వ్యాను ఆగేచోటికే వస్తోంది. కల్పన వ్యాను ఎక్కింది. లోపలినుంచి పిల్లలంతా ఒక్కసారిగా "మే... మే..." అని అరిచారు. కిటికీలో బిడ్డ ముఖం చూసిన సైదమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉరికేలోపే వ్యాను కదిలిపోయింది.

ఆదివారం పొద్దున కూతురిని ముందర కూర్చోబెట్టుకుని తలకు నూనె రాసింది. ఏమీ అడగలేదు. జడ సగం అల్లేసరికి పిల్లే మొదలుపెట్టింది.

"అమ్మా, నా దగ్గర కంపొస్తదానే?"

"ఎవడన్నడే ఆ మాట?"

"సారు. ఆనాడు గొర్రె ఈనితే పిల్లను ఎత్తుకొని, ఆణ్నుంచి అట్లనే బడికి పోయిన గద. సారు ముక్కు మూస్కొని నన్ను ఎనక బెంచీల కూసోబెట్టిండు. హాజరు పిలిచినప్పుడు అందరు ప్రెజెంట్ సార్ అంటరు. నన్ను 'మే' అనమంటడు. అనకుంటే బెంచీ ఎక్కి నిలవడాలె. అంటే అందరు నవ్వుతరు."

సైదమ్మ చేతిలో జడ ఆగిపోయింది. "రోజూనా?"

"రోజు."

"నా బంగారు తల్లి, ఇందుల నీ తప్పు ఇసుమంత లేదు. నాకెందుకు సెప్పలేదే?"

"నువ్వొచ్చి అడుగుతవ్. అడిగితే సారు ఇంకెక్కువ జేస్తడు. రాకే అమ్మా, నీ కాల్మొక్త."

పిల్ల చెప్పింది నిజమే. అక్కడే ఉంటుంది తల్లిదండ్రుల కష్టమంతా. అడిగితే పిల్ల మీద పడతారు, అడగకుంటే పిల్ల నలిగిపోతుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదని పెద్దలన్నారు గానీ, ఆ పెద్దల పిల్లలనెవరూ 'మే' అనమని ఉండరు.

సైదమ్మ సోమవారం బడికి పోయింది. జనార్దన్ సారు కోపం కూడా చేయలేదు. చిరునవ్వుతో వరండాలోకి వచ్చాడు.

"అది నవ్వులాట అమ్మా. పిల్లలు హుషారుగా ఉంటరని. అయినా నువ్వే కదా అన్నవ్, తోలు ఒలవమని? నేను చెయ్యి గూడ ఎత్తలేదు. ఒక్క దెబ్బ చూపించు."

సైదమ్మ నోరు తెరిచింది. ఒక్క మాట రాలేదు. నిజమే, అన్నది తనే. నలుగురిలో అన్నది. వెనక్కి తిరిగి బస్టాండు దాకా నడిచి వచ్చింది, దారి పొడవునా తనను తానే తిట్టుకుంటూ.

మర్నాడు సారు తరగతిలో, "కల్పనమ్మ గారు తల్లిని తోలుకొచ్చిండ్రు, లేసి దండం పెట్టుండ్రి" అన్నాడట. ఆ సాయంత్రం పిల్ల పుస్తకాల సంచి దూలానికి తగిలించేసింది. "ఇగ నేను బడికి పోనమ్మా. గొర్ల ఎంట పోత. గొర్లు నన్నేమనయ్" అన్నది. ఏడుపు కూడా లేదు ఆ గొంతులో. అది విని సైదమ్మకు భయం పట్టుకుంది. బడి మారిస్తే చదువు దక్కుతుందేమో. ఈ నోరు ఇట్లాగే మూతపడిపోతే మళ్లీ ఏ బడి తెరుస్తుంది?

వీరేశం ఫోన్‌లో మండిపడ్డాడు. "మిల్లునుంచి పదిమందిని ఏస్కొనొస్త. వాని తోలు నేను తీస్త!"

"ఓయయ్యా, జర ఆగు. నువ్వొక్క దెబ్బ కొడితే ఆయన జేసింది అందరు మర్సిపోతరు. నువ్వు జేసిందే యాదికుంటది. పోలీస్ స్టేషన్ల నువ్వు కూసుంటవ్."

"మరేం జేద్దామంటవే?"

ఏం చేయాలో ఆమెకూ తెలియదు. "నేనే పాడునోరు ఏస్కొని అంటి గదత్తా" అని గోపమ్మ దగ్గర కూర్చుని బోరుమంది. గోపమ్మ వక్క నములుతూ విన్నది.

"ఏడువకే. మనోళ్లల్ల పెండ్లి మాట ఇచ్చినంక తప్పాల్నంటే ఏం జేస్తరు? ఏ నలుగుట్ల ఆకువక్క పుచ్చుకున్నరో ఆ నలుగుట్లనే తిరిగిస్తరు. అది ఎవ్వలు తప్పనరు. ఆ నలుగురు సూడాలె, అంతే. నువ్వు ఒక్కదానివి పోయి సాటుకు అడిగితివి. సాటుకు అడిగితే నవ్వుతడు గద మరి!"

సైదమ్మ కళ్లు తుడుచుకుంది. ఆ వరండాలో ఆనాడున్న నలుగురెవరో గుర్తు చేసుకుంది.

పక్క ఊరి ఏసమ్మ కూలికి పోతుంది. ఆమె కొడుకు నానీది కల్పన తరగతే. సైదమ్మ తన సంగతి చెప్పగానే ఏసమ్మ కలుపు పక్కన పడేసి గట్టు మీద కూలబడింది. "వదినే, మా వాణ్ని 'మెల్లకన్ను' అనే పిలుస్తడట. పేరుతోని పిలువడట. నేను గూడ ఆనాడు తోలు తియ్యిమనే అన్న గద, ఏ మొఖం పెట్టుకొని అడగాలె అని ఊకున్న" అన్నది. అక్కడినుంచి కరుణ తల్లి లక్ష్మి ఇంటికి పోయారు. నల్లగా ఉందని కరుణను 'బొగ్గు' అంటాడట. ఇట్లా ఇల్లిల్లూ తిరిగితే తేలిందేమిటంటే, ప్రతి తల్లీ ఆ మాటే అన్నది, ప్రతి తల్లీ సిగ్గుపడి నోరు మూసుకున్నది. భలే సదుపాయం దొరికింది సారుకు!

ఏసమ్మ తమ్ముడు తహసీల్దారు ఆఫీసులో పనిచేస్తాడు. పిల్లలను కొట్టడమే కాదు, మనసు కుంగేటట్టు వేధించడం కూడా చట్టం ఒప్పదని చెప్పి అర్జీ రాసిపెట్టాడు. తల్లులంతా సంతకాలు పెట్టారు, రానివాళ్లు వేలిముద్ర వేశారు. ఒక కాపీ మండల విద్యాధికారి ఆఫీసులో ఇచ్చి ముట్టినట్టు ముద్ర వేయించుకున్నారు. రెండో కాపీ సైదమ్మ కొంగున ముడేసుకుంది. శనివారం బడిలో పేరెంట్స్ మీటింగ్ ఉంది.

ఆ శనివారం హాలు నిండిపోయింది. మిర్యాలగూడ నుంచి తెల్లారే బస్సెక్కి వచ్చిన వీరేశం గోడవారగా నిలబడ్డాడు. కరస్పాండెంట్ శివకుమార్ ర్యాంకుల గురించి మాట్లాడుతుంటే సైదమ్మ లేచింది.

"సారూ, నేనొక మాట ఎనక్కి తీస్కోనీకె వచ్చిన."

హాలంతా ఇటు తిరిగింది.

"నా బిడ్డను ఏసిననాడు ఈ జనార్దన్ సారుకు, కండ్లు ఇడిసి తోలు ఒలువుమని నలుగుట్ల సెప్పిన. ఇయ్యాల గదే నలుగుట్ల ఆ మాట ఎనక్కి తీస్కుంటున్న. నా బిడ్డను తిట్టనీకె, గొర్రె లెక్క ఒర్లమననీకె, ఎవ్వలకు నా సెలవు లేదు. సదువు సెప్పనీకె మాత్రమే ఉంది."

జనార్దన్ నవ్వబోయాడు. "ఇది నవ్వులాటమ్మా..."

"నవ్వులాటైతే నా బిడ్డ గూడ నవ్వాలె గద సారూ! అది నవ్వక ఎన్నాళ్లాయెనో మీకెరికేనా?"

చెలక దాటి వినబడే గొంతు అది. హాలు గోడలు ఎంత? శివకుమార్ గాభరాగా మైకు పట్టుకున్నాడు.

"అమ్మా, డిసిప్లిన్ నచ్చకపోతే టీసీ ఇస్తాం, తీసుకుపో."

"ఇయ్యిండ్రి. గనీ రాసేది నా ఒక్క బిడ్డకేనా?" అని సైదమ్మ వెనక్కి తిరిగింది.

ఏసమ్మ లేచింది. "నేను గూడ నా మాట ఎనక్కి తీస్కుంటున్న." లక్ష్మి లేచింది. ఆ వెనక ఇంకో తల్లి, ఇంకో తండ్రి. హాలంతా కుర్చీలు జరుగుతున్న చప్పుడు. అర్జీ మీద సంతకం పెట్టని వాళ్లు కూడా లేస్తున్నారు. గోడవార నిలబడ్డ వీరేశం చెయ్యెత్తి "నేను గూడ!" అన్నాడు. శివకుమార్ మైకు కింద పెట్టేశాడు. జనార్దన్ తేలు కుట్టిన దొంగలా బల్ల మీది కాగితాలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. సైదమ్మ కొంగు ముడి విప్పి, ముద్ర ఉన్న అర్జీ తీసి శివకుమార్ ముందర పెట్టింది.

అంతటితో పని అయిపోలేదు, ఆఫీసు పనులు అంత తొందరగా అవుతాయా? అయినా ఆఫీసువాళ్లు వచ్చారు, పిల్లలను విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. జనార్దన్‌ను తరగతి ఇన్‌ఛార్జి నుంచి తీసేశారు. ఎవరి ముందర అవమానించాడో వాళ్ల ముందరే తప్పు ఒప్పుకోవాలని తల్లులు పట్టుబట్టారు. శివకుమార్ సరేననక ఏం చేస్తాడు!

సారు తప్పు ఒప్పుకునే రోజు కల్పన బడికి వచ్చింది. వచ్చిందంటే తల్లి చెయ్యి పట్టుకుని, తలవంచుకుని, వెనక బెంచీలో పోయి కూర్చుంది. "నువ్వేం మాట్లాడకున్నా సరే బిడ్డా, సారు సెప్పేది ఇను సాలు" అని సైదమ్మ గుమ్మం దగ్గర తల్లులతో కలిసి నిలబడింది.

జనార్దన్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. ముఖం మాడిపోయి ఉంది. "కల్పనా, నేను నిన్ను అట్ల పిలవడం తప్పు. ఇక అట్ల చెయ్యను" అన్నాడు నేల చూస్తూ.

తరగతంతా కల్పన వైపు తిరిగింది. పిల్ల కదలలేదు. సైదమ్మకు గొంతు దాకా వచ్చింది, నేనే అంటాను నా బిడ్డ తరఫున అని. పెదవి కొరికి పట్టింది.

కల్పన లేచి నిలబడింది.

"సార్, నాకొక్కదానికి సెప్తే ఎట్ల? నానికి గూడ సెప్పుండ్రి. వాని పేరు నాని. కరుణకు గూడ సెప్పుండ్రి."

అరిచి చెప్పలేదు. అయినా ఆ మాట గేటు దగ్గరి వాచ్‌మన్‌కు కూడా వినబడింది. జనార్దన్ ఒకసారి శివకుమార్ వైపు చూశాడు. ఆయన తల తిప్పుకున్నాడు. ఇక చేసేది లేక సారు ఒక్కొక్కరి దగ్గరికీ పోయి, పేరు పెట్టి పిలిచి చెప్పాడు. పేరు వినగానే నాని గబుక్కున లేచి నిలబడ్డాడు. కల్పన సంచి భుజాన వేసుకుని ముందుకొచ్చి, మొదటి బెంచీలో నాని పక్కన ఉన్న ఖాళీలో కూర్చుంది. కూర్చోగానే వాడితో ఏదో ముచ్చట మొదలుపెట్టింది.

గుమ్మం బయట సైదమ్మ గోడ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. ఏసమ్మ కంగారుపడి భుజం పట్టుకుంది.

"ఏమైందే వదినే, అంతా మంచిగనే అయింది గద?"

"నా బిడ్డ మాట్లాడిందే," అన్నది సైదమ్మ. "ఇన్నవా? నా బిడ్డ మాట్లాడింది."