ఢిల్లీ సలహాదారు, గాడిదల పెళ్ళి

మా ఊరి జనం మూడు నెలల పాటు రోజూ ఆరు మైళ్ళు నడిచి కంకర కొట్టుకోవలసి వచ్చింది. దానికి సగం కారణం వానదేవుడు. మిగతా సగం నేను. వానదేవుణ్ణి మా వాళ్ళు త్వరగానే క్షమించారు. నా సంగతి చివర్లో చెబుతాను.

అరవైల మొదట్లో మాట. ఎకనామిక్సులో బి.ఏ. పాసై, కళ్యాణదుర్గం తాలూకా కచేరీలో తాత్కాలిక గుమాస్తాగా చేరాను. తాలూకాలో బి.ఏ.లు ఎంత తక్కువో నా పొగరు అంత ఎక్కువ. సంతలో వంకాయలు బేరమాడుతున్న మా అమ్మకు డిమాండు, సప్లయి బోధించబోయి, అదే వంకాయతో దెబ్బ తిన్న మేధావిని. అయినా బుద్ధి రాలేదు.

ఆ ఏడు తొలకరిలో నాలుగు చినుకులు రాలాక, శ్రావణం సగమైనా మళ్ళీ వాన లేదు. మొదటి పదునుకు విత్తిన వేరుశనగ మొలిచి మాడిపోయింది. కంబదూరు పక్కనున్న మా ఊళ్ళో బావుల అడుగున బీటలు తప్ప ఏమీ లేవు. సర్కారు రోడ్డు కోసం కంకర కొట్టే కరువు పని వస్తేనే ఊరికి తిండి. ఆ పని ఎవరికివ్వాలో తేల్చడానికి ప్రభుత్వ ఆర్థిక సలహాదారు ఒకాయన ఢిల్లీ నుంచి వస్తున్నాడు. ఆయన చూసి 'కరువే' అని రాస్తేనే అది కరువు. అంతవరకు మాది ఉత్త ఆకలి.

మా నాయన సంజీవప్ప కచేరీకి వచ్చాడు.

"రామాంజీ, ఆ దొరను మనూరికి తోడుకోని రా. నువ్వేం చెప్పొద్దు. బాయి సూపిస్తా, సేను సూపిస్తా. కండ్లుండాయి కదా ఆయనకు?"

"నాయనా, ఆయన లావు లావు పుస్తకాలు రాసినాడు!"

"అయితే సూపు తక్కువుంటుందిలే. దగ్గరికి తీస్కపోయి సూపిస్తాం. బేస్తవారం మాత్రం వొద్దురా. గాడిదల పెండ్లి పెట్టుకున్నాం."

వానలు లేకుంటే రెండు గాడిదలకు పెళ్ళి చేస్తే మేఘాలు కరుగుతాయని మా వైపు నమ్మకం. బట్టలుతికే ఓబులేసు దగ్గర వధూవరులిద్దరూ ఉన్నారు. పెళ్ళికూతురి తండ్రిగా కూర్చునేది మా నాయన.

సలహాదారు సరిగ్గా ఆ గురువారమే దిగాడు. పై అధికారి వచ్చిన ప్రతిసారీ మా తాసిల్దారుకు కడుపునొప్పి వస్తుంది. ఆ రోజూ వచ్చింది. ఇంగ్లీషు వచ్చినవాణ్ణని నన్ను జీపెక్కించారు. మా ఎండలో మెడకు టై బిగించుకున్న ప్రాణిని నేను చూడడం అదే మొదలు. ఒళ్ళో నోటు పుస్తకం. ముప్పై ఏళ్ళ సర్వీసులో తాను రాసిన ఒక్క ముక్క కూడా కొట్టెయ్యలేదని గర్వంగా చెప్పాడు. ఆ మాటకు అప్పుడే భయపడాల్సింది. కానీ వెంటనే, "నీలాంటి కుర్రవాడు ఢిల్లీలో నా దగ్గరుండాలి" అన్నాడు. ఇక నేను జీపులో లేను, ఢిల్లీలో ఉన్నాను.

ఊరి మొదట్లోనే మేళం వినిపించింది.

"అదేమిటి?" అన్నాడు.

గాడిదలని ఎలా చెప్పను? అందులోనూ పెళ్ళికూతురి తండ్రి మా నాయనని? "పెళ్ళి సార్" అన్నాను.

"కరువులో పెళ్ళా?"

"మావాళ్ళు పరువు గలవాళ్ళు సార్."

"భోజనాలు?"

"ఊరందరికీ సార్. మూడు రోజులు."

ఇక్కడైనా ఆగి ఉంటే మనిషినని ఒప్పుకునేవాణ్ణి. ఆగలేదు. "ఓళిగలు కూడా" అన్నాను. పూర్ణం పెట్టి చేసే ఆ ఓళిగను ఆ ఏడు మా ఊళ్ళో ఎవరూ కలలో కూడా చూడలేదు. సలహాదారు రాసుకుని, కింద గీత గీశాడు.

"కొనుగోలు శక్తి చెక్కుచెదరలేదు. వీళ్ళకు కరువు పని దేనికి?"

అప్పుడు తెలివొచ్చింది నాకు. "సార్, ఒక్కసారి బావి చూడండి..."

"బావి సూచిక కాదు. పెళ్ళి సూచిక. పద, వధూవరులను ఆశీర్వదించాలి."

"వాళ్ళకు సిగ్గెక్కువ సార్."

"వధువు చదువుకుందా?"

"లేదు సార్. మూటలు మోస్తుంది."

"వరుడు?"

"ఆయనా అదే పని."

ఊరేగింపు మలుపు తిరిగింది. ఎర్రచీర కప్పుకున్న ఆడగాడిద తాడు మా నాయన చేతిలో, పూలదండ వేసుకున్న మగగాడిద తాడు ఓబులేసు చేతిలో. నాయన ఎదురొచ్చి దొర చేతిలో అక్షింతలు పోశాడు.

"మంచి గడియకొచ్చినావు సామీ. నాలుగు గింజలెయ్యి."

"వధువు ఏది?" అన్నాడు సలహాదారు నాతో.

ఎర్రచీర వైపు వేలు చూపించాను. అదే సమయానికి వరుడు గొంతెత్తి ఓండ్రపెట్టాడు.

"ఏం చెప్పినావురా ఆయనకు?" అన్నాడు నాయన.

"పెండ్లని."

"నిజమే కదా?"

"ఓళిగలు పెడతాండారని."

నాయన నన్ను కిందినుంచి పైదాకా చూశాడు. "మీయమ్మ మూడు దినాలనుంచి సగం కడుపుకు అంబలి తాగతాండాది. ఓళిగ యాడ తిన్నావురా నువ్వు?"

అంత సిగ్గు నేను మళ్ళీ జన్మలో పడలేదు. సలహాదారు ముందు చేతులు కట్టుకుని, అంతా అబద్ధమని, వానకోసం చేసే పెళ్ళని, రాసింది కొట్టెయ్యమని బతిమాలాను. ఆయన గాడిదలను చూశాడు, పుస్తకం చూశాడు. కొట్టెయ్యలేదు. రెండు మాటలు చేర్చి నాకు చదివి వినిపించాడు.

"ఈ గ్రామమున గాడిదలకు సైతం ఓళిగలతో వివాహములు జరుగుచున్నవి. మిగులు కలదనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు."

జీపెక్కాడు. "బాయి సూళ్ళేదే సామీ!" అంటూ నాయన ఆ దుమ్ములో కొంతదూరం పరిగెత్తాడు.

కరువు పని మూడు మైళ్ళ అవతలి ఊరికి పోయింది. తాసిల్దారుకు కడుపునొప్పి తగ్గింది, నా ఉద్యోగం పోయింది. నాయన నా చేతికి సుత్తి ఇచ్చాడు. పోతూ మూడు, వస్తూ మూడు, మధ్యలో కంకర. ఆ మూడు నెలల్లో ఊళ్ళో ఒక్కరూ నాతో మాట్లాడలేదు.

మరుసటేడు కూడా వాన మొహం చాటేసింది. మళ్ళీ గాడిదల పెళ్ళికి ఊరంతా కూర్చున్నారు. ఓబులేసు తల గోక్కున్నాడు.

"ఆడది ఉండాదన్నా. మగది మేతలేక సచ్చిపాయ. పెండ్లికొడుకును యాడ తెద్దాం?"

నాయన నా వైపు చూడకుండానే అన్నాడు. "వెతికేదెందుకప్పా? మా ఇంట్లో ఉండాడు కదా. బి.ఏ. కూడా పాసైనాడు."

ఏడాది తర్వాత మా ఊరు నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. నన్ను క్షమించారని అప్పుడే తెలిసింది.

అప్పుడే, నా అరచేతుల్లోని కాయల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఏ సలహాదారుకూ నోటిమాటగా కూడా ఓళిగలు వడ్డించను. గాడిద కనిపిస్తే గాడిదనే చెబుతాను, అది టై కట్టుకుని ఉన్నా సరే.